టర్బో కారులో పెట్రోల్ పోయేది బ్రేకు కింద

మొన్న కారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు, సిటీలో మైలేజీ ఎంత రావాలండీ అని అక్కడి సర్వీస్ అడ్వైజర్‌ని అడిగాను. "టర్బో పెట్రోల్ కదా సార్, పది వస్తే సంతోషించాలి. కాలు కొంచెం తగ్గించండి, ఎకో మోడ్‌లో పెట్టుకోండి" అన్నాడు. పక్క కుర్చీలో తన కారు కోసం కూర్చున్న ఒకాయన అందుకుని, "మైలేజీ కావాలనుకునేవాళ్ళు ఇలాంటి బండి కొనకూడదు అన్నా" అన్నారు.

ఈ రకం కార్లు నడిపే ప్రతివాళ్ళూ ఈ రెండు మాటలూ వినే ఉంటారు. పోలో జీటీ టీఎస్‌ఐ రోజుల్లోనూ ఇదే మాట. ఇప్పుడు ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్ నడిపేవాళ్ళకూ ఇదే మాట. నాదీ ఆ కోవలోదే. ఒక లీటరు ఇంజిన్, మూడు సిలిండర్లు, టర్బో, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునేది), 120 హార్స్‌పవర్. నేను ఎక్కి కూర్చుంటే మొత్తం బరువు 1,200 కిలోల దరిదాపుల్లో ఉంటుంది.

చాలాకాలంగా దీన్ని గురించి ఆలోచిస్తున్నాను, చదువుతున్నాను, ట్యాంకు నింపిన ప్రతిసారీ లెక్క రాసుకుంటున్నాను. నాకు కుదిరిన అభిప్రాయం ఇది: ఇలాంటి కారులో పెట్రోల్ వృథా అయ్యేది ప్రధానంగా యాక్సిలరేటర్ తొక్కడం వల్ల కాదు, తొక్కి సంపాదించిన వేగాన్ని వెంటనే బ్రేకు కింద పారేయడం వల్ల. కాలు తగ్గించమనే సలహాలో సగం నిజం ఉంది. మిగతా సగం మనల్ని తప్పు చోట పొదుపు చేయిస్తోంది.

రెండు రూపాయల బ్రేకు

చిన్న లెక్క. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉండే గతిశక్తి సుమారు 167 కిలోజౌల్స్. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్ లీటరులో సుమారు 30 మెగాజౌల్స్ ఉంటాయి. అందులో చక్రాల దాకా చేరేది మహా అయితే పావు వంతు. అంటే ఆ 60 వేగాన్ని తెచ్చుకోవడానికి 20 మిల్లీలీటర్ల పైన ఖర్చవుతుంది. హైదరాబాద్‌లో పెట్రోల్ చాలాకాలంగా 107 రూపాయల పైనే ఉంది కాబట్టి, 60 నుంచి సున్నాకి తొక్కిన ప్రతి బ్రేకూ రెండు రూపాయల పైమాట. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది కనక, 80 నుంచి ఆపితే నాలుగు రూపాయలు. 40 నుంచి అయితే ఒక్క రూపాయి.

ఆగాల్సిన చోట ఆగక తప్పదు. నేను మాట్లాడుతున్నది ఆగక తప్పని చోట కూడా చివరి క్షణం దాకా పెట్రోల్ పోస్తూ వెళ్ళడం గురించి. మియాపూర్ నుంచి జేఎన్‌టీయూ, అక్కడి నుంచి మలేసియన్ టౌన్‌షిప్ మీదుగా హైటెక్ సిటీ వెళ్ళే దారి తీసుకోండి. సిగ్నల్ ఎర్రగా ఉన్నట్టు 300 మీటర్ల ముందే కనిపిస్తుంది. చాలాచోట్ల ఇంకా ఎన్ని సెకన్లు ఉందో అంకెలు కూడా కనిపిస్తాయి. అయినా పక్కనున్న కార్లన్నీ ఆ 300 మీటర్లూ వేగం పెంచుకుంటూ పోయి, అక్కడ బ్రేకు వేసి, ముందుకు తలలు ఊపి ఆగుతాయి. అక్కడే కాలు ఎత్తేస్తే కారు తనంతట తాను ఆ దూరం వస్తుంది. గేరులో ఉండి కాలు పూర్తిగా తీసేస్తే ఇప్పటి ఇంజిన్లలో పెట్రోల్ చల్లే ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతుంటాయి, ఆ కాసేపూ పెట్రోల్ ఖర్చు సున్నా. షేక్‌పేట ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసి జారవిడిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. కార్బురేటర్ రోజుల అలవాటు అది. న్యూట్రల్‌లో ఇంజిన్ తన ఐడిలింగ్‌కి తాను తాగుతూనే ఉంటుంది, పైగా బండి మీద పట్టు తప్పుతుంది.

నాకు ఈ విషయం పుస్తకాల కంటే గట్టిగా పట్టించింది మా పెదనాన్న. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఆర్టీసీ డిపోల్లో కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) అనే మాటకు ఎంత బరువుందో ఆ కుటుంబాల్లో పుట్టినవాళ్ళకు తెలుసు. ఏ డ్రైవర్‌కి ఎంత వచ్చిందో లెక్క ఉంటుంది, బాగా తెచ్చినవాళ్ళకు మెప్పు, తగ్గినవాళ్ళకు పిలుపు. ఒకసారి మా బావమరిది నా కారు నడుపుతుంటే పెదనాన్న వెనక సీట్లో కూర్చున్నారు. బావమరిది నెమ్మదస్తుడు. ఎకో మోడ్ వేశాడు, యాక్సిలరేటర్‌ని గుడ్డు మీద పాదం పెట్టినట్టు తొక్కుతున్నాడు. కూకట్‌పల్లి దాటేసరికి మీటరులో సగటు తొమ్మిదికి దిగింది. "చూశారా, ఇంత మెత్తగా నడిపినా ఇంతే, టర్బోలన్నీ ఇంతే" అన్నాడు వాడు. పెదనాన్న అప్పటిదాకా మాట్లాడలేదు. "మెత్తగా తొక్కుతున్నవ్ సరే, ముందు బండి తోక పట్టుకుని పోతున్నవు. వాడు బ్రేకు తొక్కినప్పుడల్లా నువ్వు కూడా తొక్కుతున్నవు. వాడి బండి నువ్వు నడుపుతున్నట్టుంది" అన్నారు. వచ్చేటప్పుడు ముందు బండికి దూరం వదిలి నడపమని పక్కన కూర్చుని చెప్పారు. మధ్యమధ్య "ఇప్పుడు ఎత్తెయ్", "ఇక్కడ పోనీ" అంటూ ఉన్నారు. అదే దారి, అదే ఏసీ, రద్దీ కూడా ఇంచుమించు అంతే. సగటు రెండు కిలోమీటర్లు పైకి వచ్చింది. ఒక్క ప్రయాణంతో శాస్త్రం రుజువవదు, నిజమే. కానీ ఆ తర్వాత నా ట్యాంకు లెక్కల్లోనూ అదే ధోరణి కనపడుతూ వస్తోంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. దూరం వదిలితే ఆటో దూరుతుంది. అవును, దూరుతుంది. ఒక ఆటో దూరితే మనం నష్టపోయేది నాలుగైదు మీటర్లు, 20 వేగంలో అది ఒక్క సెకను. ఆఫీసు చేరేలోపు పదిహేను ఆటోలు దూరినా పావు నిమిషం. ఆ పావు నిమిషానికి మనం పడే టెన్షన్ చాలా ఎక్కువ. అయితే ఒకటి ఒప్పుకోవాలి. బయోడైవర్సిటీ దగ్గరో, ఐకియా ముందరో సాయంత్రం ఏడింటికి అంగుళం అంగుళం కదిలే చోట ఈ విద్య పనిచేయదు. అక్కడ ఖర్చయ్యేది ఊరికే నిలబడి తాగే పెట్రోల్. ఏసీ వేసి నిలబడితే ఈ చిన్న ఇంజిన్ కూడా గంటకు ముప్పావు లీటరుకు పైనే తాగుతుంది. అక్కడ నేను చేసేది ఒక్కటే: ముందు బండి అడుగు కదిలినప్పుడల్లా నేనూ అడుగు కదలకుండా, రెండు మూడు కార్ల ఖాళీ వచ్చేదాకా ఆగి, ఒకేసారి పోనిస్తాను. పెట్రోల్ సంగతి ఎలా ఉన్నా, నా కారులో ఉన్నలాంటి, నూనెలో మునగని డ్రై క్లచ్ గేర్‌బాక్స్‌కి ఇది ప్రాణం పోసినట్టే. పాకుడు వేగంలో క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కడమే వాటి అసలు శత్రువు.

మన ట్రాఫిక్ పోలీసులు చాలా కూడళ్ళు మూసేసి యూటర్న్‌లు పెట్టినప్పుడు అందరం విసుక్కున్నాం. అర కిలోమీటరు పైగా ఎక్కువ తిరగాలి కదా అని. లెక్కేస్తే 600 మీటర్లు ఆగకుండా వెళ్ళడానికీ, రెండు నిమిషాలు సిగ్నల్ దగ్గర ఏసీతో నిలబడి మళ్ళీ 40 వేగం అందుకోవడానికీ అయ్యే పెట్రోల్ దాదాపు సమానం, రెండూ 40 మిల్లీలీటర్ల దగ్గరే తేలతాయి. యూటర్న్ దగ్గర కూడా జామ్ అయితే ఆ లెక్క తప్పుతుంది. అది వేరే సంగతి.

మరి కాలు తగ్గించడం మాటేమిటి

ఇక్కడే నాకు చాలాకాలం సందేహం ఉండేది. టర్బో అంటే గాలిని ఒత్తి ఎక్కువగా కూరేది. గాలి ఎక్కువైతే పెట్రోల్ కూడా ఎక్కువ పోయాలి. కాబట్టి బూస్ట్‌లోకి, అంటే టర్బో అలా గాలి కూరే దాకా, వెళ్ళకుండా నడిపితే మిగులుతుంది కదా?

అంత సూటిగా లేదు. పెట్రోల్ ఇంజిన్ అతి తక్కువ సమర్థంగా పనిచేసేది కాలు మరీ తేలిగ్గా ఉన్నప్పుడే. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ తలుపు దాదాపు మూసి ఉంటుంది, ఆ సందులోంచి గాలి పీల్చుకోవడానికే ఇంజిన్ కొంత శ్రమ వృథా చేస్తుంది. అదే ఇంజిన్ 1,800 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య, మధ్యస్థం నుంచి కాస్త ఎక్కువ భారంతో పనిచేస్తున్నప్పుడు లీటరుకు ఎక్కువ పని చేసి పెడుతుంది. చిన్న ఇంజిన్‌కి టర్బో తగిలించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. చిన్నదాన్ని ఎక్కువ భారంతో నడిపిస్తే, పెద్దదాన్ని తక్కువ భారంతో నడిపించిన దానికంటే మేలు. ఈ చిన్న టర్బోలకు 1,500–1,800 దగ్గరే టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) మొత్తం దొరుకుతుంది కూడా. అందుకే సిగ్నల్ దగ్గర బయల్దేరి 50 వేగం చేరడానికి అర నిమిషం తీసుకోవడం కంటే, సగం పెడల్‌తో చురుగ్గా లేచి, త్వరగా పై గేరులోకి వెళ్ళి, అక్కడి నుంచి తేలిగ్గా పట్టి ఉంచడం మంచిది.

హద్దు ఎక్కడంటే, పెడల్ నేలకు అంటించి ఇంజిన్‌ని 4,500 దాటించినప్పుడు. అక్కడ ఎగ్జాస్ట్ వేడి టర్బైన్‌ని, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని దెబ్బతీయకుండా ఇంజిన్ కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ చల్లుతుంది. మామూలుగా, ఇథనాల్ కలపని పెట్రోల్ అయితే, బరువులో 14.7 భాగాల గాలికి ఒక భాగం పెట్రోల్ ఉండాల్సింది, ఆ పరిస్థితిలో పెట్రోల్ పాళ్ళు పెరుగుతాయి. అది కాలడానికి కాదు, చల్లబరచడానికి పోసే పెట్రోల్. దానికి తోడు మే నెలలో 42 డిగ్రీల ఎండలో, టర్బో కూరే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కి ఉంటుంది. నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి దానంతట అదే పేలడం) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, అంటే కాస్త ఆలస్యంగా వెలిగిస్తుంది. శక్తీ తగ్గుతుంది, మైలేజీ తగ్గుతుంది. కాబట్టి కాలు తగ్గించమనడం ఈ హద్దు దాటినవాళ్ళకు సరైన సలహా. రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో ఆ హద్దు దాటే చోటే దొరకదు.

ఈ చురుగ్గా లేవడం గురించి నాకు నేనే చెప్పుకునే ఎదురుమాట ఒకటుంది. ముందు ఖాళీ ఉంటేనే అది పొదుపు. వంద మీటర్లలో మళ్ళీ ఆగాల్సి వచ్చే చోట చురుగ్గా లేస్తే ఎక్కువ వేగం సంపాదించి ఎక్కువ పారేస్తాం. అందుకని ముందు చూసి, ఈ వేగం నాకు ఎంతసేపు పనికొస్తుంది అని లెక్కేసుకుంటేనే పెడల్ ఎంత తొక్కాలో తేలుతుంది. మళ్ళీ బ్రేకు దగ్గరికే వచ్చాం.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరికి 1.2 లీటర్ల టర్బో లేని మామూలు పెట్రోల్, సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) కారు ఉంది. ఎలా నడిపినా ఆయనకు సిటీలో పన్నెండు, పదమూడు వస్తుంది. నా కారులో జాగ్రత్తగా ఉంటే అంతే వస్తుంది, లేకపోతే తొమ్మిదికి పడిపోతుంది. టర్బో కారు నడిపేవాడి అలవాట్లను పెద్దవి చేసి చూపిస్తుంది. దానిలో ఉన్న చిక్కూ అదే, నాకు నచ్చేదీ అదే.

లీటరుకు ఎన్ని అనే లెక్కతో వచ్చే భ్రమ

ఇలాంటి కార్ల మీద కంపెనీలు చెప్పే అంకె లీటరుకు 18 నుంచి 20 దాకా ఉంటుంది. అది ఏఆర్ఏఐ అనే వాహనాల పరీక్షా సంస్థ ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, 90 వేగం దాటకుండా తీసిన అంకె. అది కార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది. మన దారిలో అంత వస్తుందని ఆశ పెట్టుకోవడానికి కాదు. ఇది అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

చాలామంది పట్టించుకోనిది వేరే ఉంది. హైవే మీద 16 వచ్చే కారుకు 20 తెచ్చారనుకోండి, అందరూ చప్పట్లు కొడతారు. వంద కిలోమీటర్లకు మిగిలింది ఒకటింపావు లీటరు. సిటీలో 8 వచ్చే కారుకు 10 తెచ్చారనుకోండి, ఎవరూ పట్టించుకోరు. వంద కిలోమీటర్లకు మిగిలింది రెండున్నర లీటర్లు, సరిగ్గా రెట్టింపు. నెలలో మనం తిరిగే కిలోమీటర్లలో ఎక్కువ భాగం సిటీలోనే కాబట్టి, డబ్బు దాక్కున్నది అక్కడే. హైవే అంకెల గురించి మాట్లాడుకోవడం సరదా. సిటీ అంకెను ఒక్కటి పెంచడం ఆదాయం.

హైవే అంకెల్లో ఇంకో మాయ కూడా ఉంది, అది మన ఊరి భూగోళానిది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. విజయవాడ కృష్ణ ఒడ్డున దాదాపు సముద్ర మట్టం దగ్గర ఉంది. అంటే ఆ 275 కిలోమీటర్లలో కారు సుమారు 500 మీటర్లు దిగుతుంది. తెలియనంత మెల్లగా దిగుతుంది కాబట్టి మనకు తెలియదు. 1,200 కిలోల కారుకు ఆ దిగుడు విలువ అర లీటరు పెట్రోల్‌కి పైనే. సంక్రాంతికి వెళ్ళేటప్పుడు పద్దెనిమిది చూసి మురిసిపోయి, తిరిగొచ్చేటప్పుడు పదహారు చూసి, "అక్కడి బంకులో పెట్రోల్ బాగాలేదు" అనేవాళ్ళను చూశాను. ఎక్కడం దిగడం కలిపి, రానూ పోనూ లెక్క తీస్తేనే అది కారు అంకె అవుతుంది.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద మాత్రం లెక్క వేరే. అక్కడ బ్రేకు పని తక్కువ, పెట్రోల్ తినేది గాలి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 120కి వెళితే గాలి నిరోధం 44 శాతం పెరుగుతుంది, టైర్ల రాపిడితో కలిపి చూస్తే మొత్తం నిరోధం దాదాపు 30 శాతం. 2023లో మొదటి రెండు లేన్లలో హద్దును 120కి పెంచినప్పటి నుంచి 120 అంటే తప్పనిసరిగా వెళ్ళాల్సిన వేగం అన్నట్టు నడుపుతున్నారు చాలామంది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ సుమారు పాతిక కిలోమీటర్లు. 120లో పన్నెండున్నర నిమిషాలు, 100లో పదిహేను. విమానం తప్పిపోయేలా ఉంటే నేనూ 120లోనే వెళతాను. లేకపోతే ఆ రెండున్నర నిమిషాలకు అంత ఖర్చు నాకు గిట్టదు.

బంకులో, గ్యారేజీలో వినిపించేవి

మొదట టైర్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది అతి చవకైనదీ, అతి ఎక్కువగా చెడగొట్టబడేదీ. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, నగరంలో ఇరవై కిలోమీటర్లు తిరిగి ఒక బంకులో గాలి చూపించాను. కుర్రాడు మీటరు పెట్టి "అన్నా, 37 ఉంది, ఎక్కువుంది, తీసేస్తున్న" అన్నాడు. ఆగమన్నాను. నా టైర్లకు కంపెనీ చెప్పింది 33 పీఎస్‌ఐ, కానీ అది చల్లటి టైరుకు. ప్రతి పది డిగ్రీల వేడికి ఒకటి, ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. ఎండలో కాలిన రోడ్డు మీద తిరిగొచ్చిన టైరులో 37 ఉండడం సహజం. అక్కడ నాలుగు తీసేస్తే మర్నాడు పొద్దున్నే ఆ టైరులో 29 ఉంటుంది. మైలేజీ తగ్గుతుంది, టైరు అంచులు అరుగుతాయి. ఆ కుర్రాడిది తప్పు కాదు, మీటరు మీద కనపడిన అంకెను సరిచేయడం అతని పని. అందుకే ఇంట్లో వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న కంప్రెసర్ పెట్టుకుని, పొద్దున బండి కదలకముందే చూసుకోవడం నేర్చుకున్నాను. ఇంకొందరు వెడల్పు టైర్లు, పెద్ద అలాయ్‌లు వేయించి మైలేజీ తగ్గిందంటారు. బరువు, రాపిడి పెరిగితే తగ్గక ఏమవుతుంది? టైరు మొత్తం ఎత్తు పెరిగితే మీటరు కూడా తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. తగ్గుదలలో కొంత అలా లెక్కలోనే పోతుంది.

తర్వాత రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని మార్పించడం. "స్టేజ్ వన్ చేయించు అన్నా, పవరూ పెరుగుతుంది, మైలేజీ కూడా" అంటారు. పవర్ పెరుగుతుంది, నిజం. మైలేజీ మాట నాకు నమ్మకం లేదు. సాధారణ వేగంలో ఇంజిన్ ఎలాగూ గాలికి సరిగ్గా సరిపడా పెట్రోల్ ఉండే నిష్పత్తిలోనే నడుస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయాలంటే అలాగే నడవాలి. అక్కడ ట్యూనర్ తగ్గించడానికి మిగిలిందేమీ లేదు. కింద టార్క్ పెరిగితే త్వరగా పై గేరులోకి వెళ్ళవచ్చు, ఆ మేరకు ఏమైనా మిగిలితే మిగలొచ్చు. చేయించిన కొత్తలో మైలేజీ కొలుద్దామని అందరూ జాగ్రత్తగా నడుపుతారు. పెరిగినట్టు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం ఆ జాగ్రత్తదే అని నా అనుమానం. వారంటీ పోయే ప్రమాదం వేరే.

ఎక్కువ గాలి పీల్చే ఫిల్టర్ల సంగతీ అంతే. సిటీలో థ్రాటిల్ తలుపే గాలిని ఆపుతోంది. దానికి ముందున్న ఫిల్టర్‌ని ఎంత వదులు చేసినా ఆ తలుపు తెరుచుకోదు. కారు కంప్యూటర్‌ని పరీక్షించడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే పెట్రోల్ ఆదా చేస్తుందని అమ్మే డబ్బాల గురించి రాయడం కూడా దండగ.

95 ఆక్టేన్, 100 ఆక్టేన్ పెట్రోల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీంట్లో కొంత నిజముంది. ఆక్టేన్ అంటే శక్తి కాదు, నాకింగ్‌ని తట్టుకునే ఓర్పు. ఎండాకాలంలో భారంగా లాగుతున్నప్పుడు ఇంజిన్ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంటే, ఎక్కువ ఆక్టేన్ పోస్తే ఆ వెనకడుగు తగ్గుతుంది. ఓఆర్ఆర్ మీద నింపాదిగా వెళ్తుంటే అసలు వెనకడుగే లేదు, తేడా ఏమీ రాదు. 95 ఆక్టేన్‌ని లీటరుకు ఏడు శాతం ఎక్కువ పెట్టి కొంటే మైలేజీ ఏడు శాతం పెరిగితేనే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. సిటీలో అంత పెరగడం నేనెప్పుడూ చూడలేదు. ఘాట్ రోడ్డుకు వెళ్ళే రోజున పోయించుకుంటాను, అది మైలేజీ కోసం కాదు.

ఇక ఈ20. ఇరవై శాతం ఇథనాల్ కలపడం 2030కి అనుకున్నది 2025కే వచ్చేసింది. "14 వచ్చే నా కారుకు ఇప్పుడు 10 వస్తోంది, అంతా ఇథనాల్ వల్లే" అనేవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. కారు కొన్నప్పుడు లేని పెట్రోల్‌ని, వేరే దారి లేకుండా, ధర తగ్గించకుండా పోస్తున్నారు. కానీ ఆ అంకె నాకు ఒప్పుదల కాదు. ఇథనాల్ లీటరులో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే అసలు పెట్రోల్‌తో పోలిస్తే తగ్గేది ఆరేడు శాతం. నీతి ఆయోగ్ 2021 నివేదికలో పాత కార్లకు చెప్పిన అంచనా కూడా అదే. అప్పటికే మనం పది శాతం మిశ్రమం వాడుతున్నాం కాబట్టి కొత్తగా పడిన దెబ్బ మూడు, నాలుగు శాతం. 14 వచ్చేది పదమూడున్నరకు రావచ్చు. పదికి రాదు. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ కాబట్టి దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన టర్బో ఇంజిన్ ఆ నష్టంలో కొంత తిరిగి సంపాదించుకోగలదు కూడా. పాత కార్ల రబ్బరు పైపుల, సీళ్ళ భయం వేరే విషయం, అది నిజమైన భయమే. మైలేజీ తగ్గిన ప్రతిసారీ ఈ20ని తిట్టి ఊరుకుంటే, మిగతా పాతిక శాతం ఎక్కడ పోయిందో ఎప్పటికీ వెతకం.

పది సెకన్లకు పది రూపాయలు

మైలేజీ కావాలంటే ఈ బండి ఎందుకు కొన్నావనే ప్రశ్న మిగిలింది. ఆ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది, సరదా అంటే ఖర్చని, పొదుపు అంటే సరదా చంపుకోవడమని. దీన్నీ లెక్కలోనే చూద్దాం. 120 హార్స్‌పవర్ ఇంజిన్‌ని పది సెకన్లపాటు పూర్తి శక్తితో లాగితే తాగేది సుమారు 100 మిల్లీలీటర్లు. పదీ పదకొండు రూపాయలు. అనంతగిరి ఘాట్‌లో ఒక ఆదివారం పొద్దున అలా మొత్తం రెండు నిమిషాలు లాగినా 130, 140 రూపాయలు. ఆ దారిలో మాకు టిఫిన్‌కి అయ్యేది అంతకంటే ఎక్కువ.

ఇటు చూడండి. ఆఫీసుకు వెళ్ళొచ్చే దారిలో రోజుకు ఓ ముప్పై అనవసరపు బ్రేకులు, 40, 50 వేగం నుంచి. ఒక్కోటి రూపాయి నుంచి రూపాయిన్నర. రోజుకు నలభై రూపాయలు, నెలకు వెయ్యికి కాస్త అటూ ఇటూ. ఆ వెయ్యి రూపాయల్లో ఎక్కడా సరదా లేదు. బ్రేకు ప్యాడ్లు అరగడం, వెనకవాడు హారన్ కొట్టడం, ఇంటికొచ్చేసరికి మెడ నొప్పి, అంతే. ఈ కారుకున్న టర్బో వల్ల వచ్చిన ఖర్చు కూడా కాదది. అంతే బరువున్న ఏ కారులో అయినా దాదాపు అదే ఖర్చు.

అందుకే వారమంతా పెదనాన్న చెప్పినట్టు నడుపుతాను, ఘాట్‌లో ఇంజిన్‌ని మొత్తం లాగనిస్తాను. రెండింటికీ మధ్య నాకు వైరం కనిపించదు. మలుపుకు ముందే చూసి, వేగం ఎంత ఉంచుకోవాలో తేల్చుకుని, తక్కువ బ్రేకుతో లోపలికి వెళ్ళి బయటికి వచ్చేటప్పుడు తొక్కడం ఘాట్ రోడ్డు విద్య. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర చేసేదీ అదే, వేగం తక్కువ అంతే. ఎక్కేటప్పుడు ఎలా తొక్కినా, దిగేటప్పుడు మాత్రం మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు వేసి కాలు ఎత్తేస్తాను. ఇంజెక్టర్లు మూసుకునే ఉంటాయి, బ్రేకులు వేడెక్కవు, కిందికి వచ్చేదాకా పెట్రోల్ దాదాపు కదలదు.